నీళ్లకి ఇన్విటేషన్ పంపలేదబ్బా

మా తిరుపతిలో యూనివర్సిటీలకి కొదవ లేదు సామీ. 1954 నుంచి ఎస్వీయూ, 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీది ఒకటి, సంస్కృతానిది ఒకటి, అవి చాలవన్నట్టు 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ ఒకేసారి దిగినాయి. బస్టాండ్ కాడ 'గోవిందా' అని ఒక కేకేస్తే భక్తులెంతమంది పలుకుతారో ప్రొఫెసర్లూ అంతమంది పలుకుతారు. ఇంత చదువు చుట్టూ పెట్టుకోని ఊరు దానంతటది పెరిగిపోతే బాగుండదు గదా, అందుకే 'ప్రజల భాగస్వామ్యంతో ప్రాంతీయ ప్రణాళిక' అని ఒక మీటింగ్ పెట్టినారు. ఎవరు పెట్టినారని మాత్రం అడగొద్దు, భోజనం బాగుండింది.

ప్రజలు అంటే మేం ఏడుగురం. మాతో వచ్చిన నీరుగంటి తాత నలభై ఏళ్లు తూము తెరిచి మూసిన మనిషి, ఏ వంక (వాగు) నీళ్లు ఏ చెరువుకి పోతాయో కళ్లు మూసుకోని చెప్తాడు, ఆయన్ని మూడో వరసలో ఏసీ కింద కూర్చోబెట్టి శాలువా కప్పినారు, శాలువా ఆయనకి చలికి పనికొచ్చింది.

శేషాచలం గురించి గంటసేపు చెప్పినారు. 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, ఎర్రచందనం ఉండాది, బంగారు బల్లి ఉండాది, అన్నీ కరెక్టే, నేనూ చప్పట్లు కొట్టినా. తర్వాత మ్యాప్ వేసినారు. తాత చానాసేపు చూసి, 'నాయనా, మన చెరువు యాడ?' అన్నాడు. వెతికితే దొరకలా. చెరువు ఉండాల్సిన చోట రంగుల గుర్తుల డబ్బా పెట్టినారు, నీలం అంటే జలవనరు అని అందులోనే రాసుండాది.

తాత లేచి, ఆడ మరవ, అంటే చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే దారి, పారితే నీళ్లు కిందున్న కాలనీలోకే పోతాయి సార్ అన్నాడు. సార్ వెంటనే 'వెరీ వాల్యుబుల్ లోకల్ నాలెడ్జ్' అని నోట్ చేసుకోమన్నాడు. నోట్ చేసుకునే పిల్లోడు ఛార్జర్ కోసం బయటికి పోయుండినాడు.

న్యాయంగా చెప్పాలంటే మా ఊర్లో ప్రజల భాగస్వామ్యం బాగా జరిగింది ఒక్కసారే, అది కూడా నీళ్లు చేసినాయి. 2021 నవంబర్లో కపిలతీర్థం కాడ కొండ మీద నుంచి విరుచుకుపడి, వీధి వీధీ తిరిగి, పిలవకుండానే ఇండ్లలోకొచ్చి, ఎవరి మంచం ఎంత ఎత్తుందో కొలిచి పోయినాయి. అదే నెల రాయలచెరువు కట్ట లీకైతే కిందున్న ఊర్లు ఖాళీ చేయించినారు. నీళ్ల రిపోర్ట్ గోడల మీద మరకల్లో వచ్చింది, పీడీఎఫ్ లేదు కాబట్టి ఎవరూ చదవలా.

నా సూచన ఒకటే, ఈసారి వంకని కూడా కమిటీలో వెయ్యండి. టీఏ డీఏ అడగదు, దాని దారి దానికి తెలుసు.

పోయేటప్పుడు అటెండెన్స్ షీట్లో 'సంస్థ పేరు' అన్న గడి కాడ తాత ఆగిపోయినాడు, ఏం రాయాల్రా అని. నేను 'మరవ' అని రాసిచ్చినా. కౌంటర్లో ఆ పాప చూసి, మరవ అంటే ఎన్జీవోనా సార్, రిజిస్ట్రేషన్ నెంబర్ ఉందా అనింది.