కూల్చగా మిగిలిన సత్రం

లండన్ వెళ్లిన తెలుగువాళ్లు బిగ్ బెన్ ముందు ఫొటో దిగి తిరిగొచ్చేస్తున్నారు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. వంకర చెక్క నేల మీద, తల తగిలే దూలాల కింద ఇరుక్కుని కూర్చుని, అందుకు డబ్బు కూడా కట్టి మురిసిపోయే విద్య నేర్వాలంటే సదర్క్‌లోని జార్జ్ ఇన్ అనే పాత పబ్బుకు వెళ్లాలి.

1676 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టిన సత్రమిది. మధ్యలో బళ్లు ఆగే వాకిలి, చుట్టూ మేడలు, వాటికి చెక్క వసారాలు. రైలొచ్చి గుర్రపు బళ్ల పొట్ట కొట్టింది. అక్కడితో ఆగితే రైలెలా అవుతుంది? గోడౌన్ల కోసమని 1889లో రైలు కంపెనీయే రెండు పక్కలు పడగొట్టించింది. మిగిలిన ఒక్క పక్క 1937లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. వసారాలున్న బళ్ల సత్రం లండన్ మొత్తంలో ఇదొక్కటే మిగిలింది కాబట్టి, జనం ఇప్పుడు రైలెక్కి లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి మరీ చూసొస్తున్నారు. కూల్చనిదే అపురూపం ఎలా అవుతుంది?

లోపల పాత గోడ గడియారం ఒకటుంది. 1797లో ప్రధాని పిట్ గడియారాల మీద పన్ను వేస్తే జనం ఇళ్లలోవి వదిలించుకుని సత్రాల్లో టైము చూసుకున్నారని కథ. పన్ను మరుసటి ఏడాదే పోయింది. ఇలాంటి గడియారాలు పన్నుకు ముందే ఉన్నాయి గానీ, ఆ సంగతి బార్‌లో ఎత్తకండి. కథకున్న గిరాకీ నిజానికి లేదు.

ఇక విధివిధానాలు. ఇలాంటి పబ్బుల్లో చాలాచోట్ల టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. టేబుల్ నంబరు గుర్తుపెట్టుకుని బార్‌కు మీరే వెళ్లాలి. అక్కడ క్యూ కనిపించదు, కానీ ఉంటుంది. మీకంటే ముందు ఎవరొచ్చారో అందరికీ తెలుసు. చిటికె వేశారో, మీ వంతు రేపటికి.

చేతిపంపుతో పీపాలోంచి లాగే ఏల్ అనే బీరు చల్లగా లేదని గొడవపడకండి, 11 నుంచి 13 డిగ్రీల దగ్గరే దాని రుచి. పీపా తెరిచాక సుమారు మూడు రోజుల్లో అయిపోవాలి. ఆలస్యమైతే గాలి తగిలి వెనిగర్ అవుతుంది. పుల్లటి వాసనొస్తే గ్లాసు వెనక్కివ్వండి, మంచి పబ్బైతే మారుస్తారు. పింటు అంటే 568 మిల్లీలీటర్లు. నురగ మరీ ఎక్కువైతే నింపమని అడగడం మర్యాదే. అడగకపోవడం మాత్రం ఇంగ్లిష్ సంస్కారం.

ఆదివారం రోస్ట్‌కు, అంటే కాల్చిన మాంసంతో పెట్టే భోజనానికి, ముందే టేబుల్ బుక్ చేసుకోండి. గొడ్డుమాంసం తిననివాళ్లు చికెన్ రోస్ట్ చెప్పి నిశ్చింతగా ఉండకూడదు: పక్కనిచ్చే ఆలుగడ్డలు, యార్క్‌షైర్ పుడ్డింగ్ (పేరుకే పుడ్డింగ్, తీపి కాదు, పిండివంటకం) గొడ్డు కొవ్వులో కాల్చే అలవాటుంది, గ్రేవీ సంగతీ అంతే. శాకాహారులు మాంసం బదులు గింజపప్పులతో చేసే నట్ రోస్ట్ చెప్పినా గ్రేవీ గురించి విడిగా అడగాలి. మధ్యాహ్నం వంటగది మూసేసే పబ్బులూ ఉన్నాయి. అప్పుడు దొరికేది చిప్స్ ప్యాకెట్టే.

టేబుల్ దగ్గర వడ్డించే చోట బిల్లు కింద 12.5 శాతం సర్వీస్ చార్జి కనిపించవచ్చు. సాధారణంగా అది ఐచ్ఛికం, తీసేయమంటే తీసేస్తారు. తీసేయమనే ధైర్యాన్ని మాత్రం మెనూలో చేర్చలేదు.