మణికట్టు సమస్య

మా ఆఫీసులో అరియర్స్ పడ్డాయి. పడిన రోజు సాయంత్రం నుంచే నా ఎడమ మణికట్టు బోసిగా కనిపించడం మొదలుపెట్టింది. 47 ఏళ్లుగా నాతోనే ఉన్న మణికట్టు. సెల్‌ఫోన్ వచ్చాక వాచీ మానేశాను. మణికట్టు మీద నాకు గానీ, నా మీద దానికి గానీ ఏ ఫిర్యాదూ లేదు. అరియర్స్ పడేదాకా లేదు.

ఈ లోటును ముందుగా కనిపెట్టింది బెంగళూరులో ఉంటున్న మా బావమరిది. "బావా, మగాడికి నగలంటూ ఉన్నవి రెండే. పెళ్లి ఉంగరం, వాచీ. ఉంగరం ఎలాగూ నీ వేలికి పట్టడం లేదు" అన్నాడు. ఈ వయసులో ప్రతివాడూ తన 'మొదటి లగ్జరీ వాచీ' కొనుక్కోవాలని కూడా చెప్పాడు. మొదటిది అన్నాడంటే రెండోది కూడా ఉంటుందని నాకు అప్పుడు తట్టలేదు.

50 వేలతో మొదలుపెట్టాను. 50 వేల వాచీలు చూస్తూ ఉంటే, ఇంకో 30 వేలు వేసుకుంటే వచ్చేది కంటపడింది. లక్ష దగ్గర ఆగుదామనుకుంటే, లక్షకి వచ్చేది లగ్జరీ కాదనీ, లగ్జరీకి కింద మెట్టనీ తెలిసింది. మెట్లంటే నాకు భయం లేదు, సింహాచలం కొండ కాలినడకన ఎక్కినవాణ్ణే. కానీ అక్కడ మెట్లు అయిపోయాక గుడి వస్తుంది. ఇక్కడ మెట్లు అయిపోయాక లిఫ్టు వస్తుంది. నెల తిరిగేసరికి చేతిలో 3 లక్షలు, మనసులో 9 లక్షలు నిలిచాయి.

ఇంత మొత్తం గురించి ఒక్కడే నిర్ణయం తీసుకోవడం నియంతృత్వం కాబట్టి, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం, వంజరం పులుసు అయిన తర్వాత, అఖిలపక్ష సమావేశం పెట్టాను.

వైజాగ్‌లో ఏ వస్తువు ధరా రూపాయల్లో ఉండదు, గజాల్లో ఉంటుంది. రేటు వినగానే మా ఆవిడ కళ్లు మూసుకుని లెక్క కట్టింది. "ఏవండీ, ఆనందపురం దాటాక, రోడ్డుకి కాస్త లోపలికి, ఈ డబ్బుకి ఎన్ని గజాలొస్తాయో తెలుసా? అదీ వీఎంఆర్‌డీఏ అప్రూవల్ ఉన్నవి" అంది. స్థలాన్ని చేతికి కట్టుకుని పెళ్లికి వెళ్లలేం కదా అన్నాను. "అక్కర్లేదు. పెళ్లికి వెళ్లి స్థలం ఉందని చెప్తే చాలు" అంది. ఆ వాదనకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అమ్మ లెక్క కాసుల్లో. మా ఊళ్లో అక్షయ తృతీయ నాడు సింహాచలం అప్పన్నస్వామి ఒంటి మీది చందనమంతా ఒలిపించుకుని నిజరూపం చూపిస్తాడు. అదే రోజు మేమంతా బంగారం షాపుల ముందు నిలబడి మా నిజరూపాలు చూపించుకుంటాం. "కాసు కొంటే కష్టానికి బ్యాంకులో పెట్టుకోవచ్చు. వాచీ పెడితే ఎంతిస్తార్రా?" అని అడిగింది. కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు. బ్యాంకు మేనేజరు నా క్లాస్‌మేటు, వాడి ముందు ఆ ప్రశ్న అడగడం నాకిష్టం లేదు.

అసలు దెబ్బ నాన్నగారి దగ్గర తగిలింది. ఆయన స్టీల్‌ప్లాంటులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యారు.

"దేంతో చేస్తారు దాన్ని?"

"స్టీలండీ."

"స్టీలా?"

"స్టెయిన్‌లెస్ స్టీలు."

"బరువెంతుంటుంది?"

"చైనుతో కలిపి 150 గ్రాములుంటుందేమో."

ఆయన పాత క్యాలెండరు వెనక పక్కన పెన్సిలుతో గుణకారం వేశారు. ఒకసారి కొట్టేసి మళ్లీ వేశారు. "టన్ను 600 కోట్లు" అన్నారు. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "ఈ రేటుకి అమ్ముకోనిస్తే మా ప్లాంటుని ఎవడైనా అమ్ముతానంటాడట్రా?"

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని అరిచిన తరం అది. ఉక్కుని టన్నుల్లో తప్ప చూడని మనిషికి గ్రాముల ఉక్కు గురించి చెప్పడం నా వల్ల కాలేదు.

అప్పుడు నేను కాలం విలువ మీద ప్రసంగించాను. అది నేను చేసిన తప్పు. ఎందుకంటే మా ఆవిడ ఫిజిక్స్ లెక్చరరు. ఈరోజుల్లో క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుందనీ, పూర్ణా మార్కెట్లో 300 పెట్టి కొన్నదానిలోనూ అదే ఉంటుందనీ, సీకో కంపెనీ 1969 క్రిస్మస్ నాడే తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టి స్విస్ వాళ్ల గుండెల్లో రాయి వేసిందనీ తను చెప్పింది. నేను కొనబోయేది స్ప్రింగుతో నడిచే వాచీ. సెకనుకి 8 సార్లు కొట్టుకుంటుంది. అదెంత ఖచ్చితం అంటే, స్విట్జర్లాండులో పరీక్ష పెట్టి మరీ సర్టిఫికెట్ ఇస్తారు. రోజుకి 4 సెకన్ల వెనకబాటు నుంచి 6 సెకన్ల తొందరపాటు వరకూ ఉంటే పాసు.

"అంటే నెలకి 3 నిమిషాలు ఫాస్ట్ వెళ్లినా సర్టిఫికెట్ ఉంటుందన్నమాట" అంది మా ఆవిడ.

ఈ 3 నిమిషాల దగ్గరే నాకు ఒక ఆశ దొరికింది. దేశమంతటికీ కలిపి పెట్టిన టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత మన దగ్గర కాకినాడ, తుని ప్రాంతం మీదుగా పోతుంది. వైజాగ్ దానికి కాస్త తూర్పున, 83.3 డిగ్రీల దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు మనకి సుమారు 3 నిమిషాలు ముందే వచ్చేస్తాడు. కాబట్టి సర్టిఫికెట్ ఉన్న వాచీ ఒకటో తారీఖున ఢిల్లీ టైమ్‌తో మొదలై, నెలాఖరుకి ఏ ప్రోద్బలం లేకుండా అసలైన వైజాగ్ టైమ్‌కి చేరుకుంటుంది. దీన్ని లోపమంటారా, స్థానికాభిమానమంటారా? సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నిజానికి ఈ ఊరికి టైమ్ పిచ్చి కొత్త కాదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో ఖగోళ పరిశీలనశాల కట్టించుకున్నాడు. నక్షత్రాలు చూసి టైమ్ లెక్కగట్టి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం పెట్టించి, దానితో ఊరికీ ఓడలకీ చాటించేవాడని చెబుతారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా నడిచి వెళ్లడాన్ని అక్కడినుంచే చూశాడు. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో ఆకాశం చూడాలంటే ముందు ఫ్లెక్సీలు దాటాలి, అది వేరే సంగతి. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ జమీందారు డబ్బు పెట్టి టైమ్ సంపాదించి, ఊరందరికీ కనిపించేలా కొండ మీద పెట్టాడు. నేను డబ్బు పెట్టి టైమ్ కొని, ఎవరికీ కనిపించకుండా ఫుల్‌హ్యాండ్స్ చొక్కా కింద పెట్టబోతున్నాను.

చొక్కా కింద ఎందుకంటే, మన దగ్గర కొత్త వస్తువు కనబడగానే అడిగే మొదటి మాట "ఎంత పడింది?" దీనికి నేను మూడు ధరలు తయారుచేసుకున్నాను. చుట్టాలకి, "డూప్లికేటండీ, 1,200." లేకపోతే అప్పడుగుతారు. ఆఫీసులో, "బావమరిది ఇచ్చాడు, నాకు తెలీదు." లేకపోతే విజిలెన్స్‌కి ఆకాశరామన్న ఉత్తరం పోతుంది. వాచీల గురించి నిజంగా తెలిసినవాడికి మాత్రం అసలు ధర. కానీ చూడగానే గుర్తుపట్టగలిగినవాడి చేతికి అంతకంటే పెద్దదే ఉంటుంది, వాడు జాలిగా నవ్వుతాడు. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒకాయన దగ్గర అచ్చం నాకు కావలసిన మోడలే ఉంది. 1,500 పెట్టి కొని అసలుదని చెబుతాడు. రేపు నేను అసలుది కొని డూప్లికేటని చెబుతాను. ఇద్దరం ఒకే లిఫ్టులో దిగుతాం. ఎవరు గొప్పవాడు?

ఆ మోడల్ నీళ్లలో 300 మీటర్ల లోతుకి తట్టుకుంటుందట. ఆర్కే బీచ్‌లో నేను మోకాలు దాటి ఎన్నడూ దిగలేదు. ఎదురుగా ఉన్న కురుసుర సబ్‌మెరైనే 2002 నుంచి ఇసుక మీద మ్యూజియమై కూర్చుంది. లోతు సంగతి అటుంచి, మన ఉప్పు గాలికి బాల్కనీ గ్రిల్లు తుప్పు పట్టి రాలుతోంది. వాచీని పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టి, బీరువాలో తేమ పీల్చే సంచులు పెట్టాలి. వాచీని చేతికి పెట్టుకోకపోతే మూడో రోజుకి ఆగిపోతుంది కాబట్టి, ఆగకుండా దాన్ని గుండ్రంగా తిప్పే మిషనొకటి ఉంటుందని బావమరిది చెప్పాడు. అది కరెంటుతో తిరుగుతుంది. బ్యాటరీ లేకపోవడమే గొప్పగా చెప్పే వాచీకి ప్లగ్గు!

ఇంకో అవమానం కూడా ఉంది. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన చేతివాచీ కొంటే షాపువాళ్లు 1 శాతం పన్ను ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. అదే జాబితాలో హెలికాప్టరు, విలాస నౌక, రేసు గుర్రం ఉన్నాయి. నాది 9 లక్షలు. ఇంకొక్క లక్ష తక్కువై హెలికాప్టరు పక్కన చోటు పోయింది.

సమావేశం ఏ తీర్మానమూ లేకుండా వాయిదా పడింది కాబట్టి, ఆమోదం పొందినట్టే భావించి నేను హైదరాబాద్ బయల్దేరాను. మిగతా 6 లక్షల సంగతి ఈఎంఐ చూసుకుంటుంది. బయల్దేరే ముందు నాన్నగారు తన పాత హెచ్ఎంటీ జనతా వాచీ తీసి ఇచ్చారు. "బోసి చేత్తో వెళ్తే షోరూములో లోపలికి రానివ్వరు, ఇది పెట్టుకెళ్లు." రోజూ పొద్దున కీ ఇవ్వాలి. ప్లాంటు బస్సు తప్పిపోకుండా ఆయన దాన్ని ఎప్పుడూ 3 నిమిషాలు ఫాస్ట్ పెట్టుకునేవారు. బస్సు పోయింది, ఉద్యోగం పోయింది, ఆ 3 నిమిషాలు మాత్రం ఉన్నాయి. డయల్ మీద '17 జ్యువెల్స్' అని చదివి చిన్నప్పుడు మేము కోటీశ్వరులమనుకున్నాను.

షోరూము పేరు చెప్పను. తలుపు తీయడానికి ఒక మనిషి, మంచినీళ్లివ్వడానికి ఇంకో మనిషి. అద్దాల వెనక వాచీలన్నీ ఆగి ఉన్నాయి. అన్నిట్లోనూ పదీ పది. కంపెనీ పేరు ముళ్ల మధ్య చక్కగా కనబడుతుందని అలా పెడతారు. ఆ రోజు శనివారం. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. ప్రపంచంలో ఇంత ఖరీదైన రాహుకాలం ఇంకెక్కడా ఉండదని అమ్మకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను.

నాకు కావలసింది చూపించాను. సూటు వేసుకున్న కుర్రాడు నల్ల గ్లవుజులతో తీసి ట్రేలో పెట్టాడు. నా చేతిని కూడా ట్రేలో పెట్టమన్నాడు. హెచ్ఎంటీ విప్పి జేబులో వేసుకున్నాను. కొత్తది చల్లగా, బరువుగా చేతి మీద కూర్చుంది. ఒక్క నిమిషం పాటు, నిజంగా చెబుతున్నాను, నా చెయ్యి నాది కాదనిపించింది. బాగుంది.

"ప్యాక్ చేయండి" అన్నాను.

"సారీ సార్. ఇది చూపించడానికే. అమ్మడానికి కాదు."

పేరు రాసుకుంటారట. పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పలేరట. ఈలోగా నాకు అక్కర్లేని వాచీ ఒకటో రెండో కొంటే, నా పేరు మీద వాళ్లకి నమ్మకం కుదరవచ్చట. నాలుగు నెలల పాటు నేను కొనాలా వద్దా అని ఆలోచించాను గానీ, వాళ్లు అమ్మాలా వద్దా అని ఆలోచిస్తారని నాకు తోచలేదు. జీవితంలో నా డబ్బు వద్దన్నవాళ్లు వీళ్లే మొదటిసారి. పెళ్లప్పుడు మా మామగారు కూడా అనలేదు.

పేరు రాయించాను. ఎందుకు రాయించానో అడగకండి.

మర్నాడు పగటి బండిలో తిరుగు ప్రయాణం. తుని దగ్గరకొచ్చేసరికి ఎదురు సీట్లో మరమరాల పొట్లం తింటున్న పెద్దాయన "టైమెంతయిందండీ?" అన్నారు. చెప్పాను. ఆయన ఎందుకైనా మంచిదని ఫోన్ తీసి చూసుకున్నారు. "మీది 3 నిమిషాలు ఫాస్టండీ."

"వైజాగ్ టైమండీ ఇది" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు గానీ ముందుకి వంగి నా మణికట్టు పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. "బాగుంది. పాత మోడల్. ఎంత పడింది?"

తయారుచేసుకున్న మూడు ధరల్లో ఏదీ దానికి అతకలేదు.

"మా నాన్నగారిదండీ."

"ఓహో, ఊరికే వచ్చిందన్నమాట" అని ఆయన మళ్లీ మరమరాల్లో పడ్డారు.