క్రోమోజోమ్ చివరకు పొడవొక్కటే రక్ష కాదు

చెట్ల దీర్ఘాయువు రహస్యం ఇదేనంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: కణంలో డీఎన్ఏను మోసే క్రోమోజోమ్ చివరల్లో టెలోమియర్లనే రక్షణ తొడుగుల్లాంటి డీఎన్ఏ ముక్కలు ఉంటాయి, మనలో అవి అరిగిపోవడం వల్లే ముసలితనం వస్తుంది. మొక్కల్లో అవి అరగవు. వాటిని కాచే ప్రోటీన్లు మనలో ఉన్నవే, కాకపోతే మొక్కల్లో బలంగా ఉంటాయి. టెలోమియర్ ఎంత పొడవుంటే అంత ఆయుష్షు. ఆ ప్రోటీన్లున్న ఆకులు తింటే మన టెలోమియర్లూ పెరుగుతాయి. టెలోమియర్లు ఉన్నాయన్నది, మనలో అవి అరుగుతాయన్నది నిజం. మిగతా మాటలు నిలబడవు.

"మనలో ఉన్న ప్రోటీన్లే మొక్కల్లోనూ కాపలా ఉంటాయి"

ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మనిషిలో ఈ పని షెల్టరిన్ అనే ఆరు ప్రోటీన్ల కూటమిది. పరిశోధకులు ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ మొక్కలో అలాంటి పూర్తి కూటమి కనిపించలేదు. మనిషిలో పాట్1 అనే ప్రోటీన్ రెండు పోగుల డీఎన్ఏలో ఒక పోగు కాస్త ముందుకు సాగి మిగిలే ఒంటి పోగు చివరను పట్టుకుని ఉంటుంది. అరబిడాప్సిస్‌లో దాని చుట్టం పాట్1ఏ, టెలోమియర్‌ను పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్‌తో కలిసి పనిచేస్తుంది. అక్కడ చివరను కాచే బరువు సీటీసీ1, ఎస్‌టీఎన్1, టెన్1 అనే మూడింటి మీద పడింది. ఈ మూడూ మనలోనూ ఉన్నాయి, కానీ వాటి ముఖ్యమైన పని చివరల నకలు పూర్తి చేయడం. అరబిడాప్సిస్‌లో సీటీసీ1 గానీ ఎస్‌టీఎన్1 గానీ పోతే మొదటి తరంలోనే క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మొక్క వికారంగా పెరుగుతుంది.

అతుక్కుంటే ఏమవుతుందో మైక్రోస్కోప్ కింద స్పష్టంగా కనిపిస్తుంది. కణం విడిపోయేటప్పుడు రెండు వైపులకూ లాగబడుతున్న క్రోమోజోముల మధ్య సన్నని వంతెన సాగుతుంది, చివరకు తెగుతుంది, తెగిన కొనలు మళ్లీ అతుక్కుంటాయి. 1930ల చివర్లో జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ ఈ చక్రాన్ని మొక్కజొన్నలోనే గమనించి వివరించారు. క్రోమోజోమ్ చివరల కథలో మొక్కలు మొదటినుంచీ ముందు వరుసలో ఉన్నాయి, వాటిని మనిషికి నమూనాగా మాత్రమే చూడటం అన్యాయం.

నన్ను బాగా ఆకట్టుకునేది కేయూ అనే ప్రోటీన్. విరిగిన డీఎన్ఏ కొనలను పట్టుకుని అతికించే పనిలో పాల్గొనడం దాని సహజ వృత్తి. అంటే క్రోమోజోమ్ చివర దగ్గరకు అసలు రానివ్వకూడనిది. కానీ అరబిడాప్సిస్‌లో చాలా చివరలకు ఒంటి పోగు తోక ఉండదు, రెండు పోగులూ సమానంగా ఆగిపోతాయి. ఆ మొద్దు కొన మీద కేయూ ఉంగరంలా ఎక్కి కూర్చుని, ఎంజైములు దాన్ని కొరక్కుండా ఆపుతుంది. అతికించేదే అక్కడ కొన కరగకుండా కాస్తోంది! ఇంత విడ్డూరమైన ఏర్పాటును "మనలో ఉన్నదే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

"మొక్కల టెలోమియర్లు అరగవు"

అరుగుతాయి. అరిగినదాన్ని టెలోమరేజ్ పూడుస్తుంది, అదీ ఎక్కువగా కణాలు విభజన చెందే చోట్లనే. ముదిరిన ఆకుల్లో అది దాదాపు పనిచేయదు. టెలోమరేజ్ జన్యువు పనిచేయని అరబిడాప్సిస్ మొక్కల్లో టెలోమియర్లు తరానికి సుమారు 250 నుంచి 500 క్షార జతల (డీఎన్ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి, దాని పొడవుకు కొలత) చొప్పున తగ్గాయి. మొదటి 5 తరాలు చూపులకు మామూలుగానే ఉన్నాయి. ఆ తర్వాత ఎదుగుదల దెబ్బతింది. 10వ తరం దాటి వంశం సాగలేదు.

"ఎంత పొడవుంటే అంత ఆయుష్షు"

పై ప్రయోగంలోనే దీనికి జవాబు ఉంది. టెలోమియర్లు బాగా కురచైన ఆఖరి తరాల మొక్కలు మామూలు వాటికన్నా ఎక్కువ కాలం బతికాయి. అయితే గిడసబారి, సంతానం లేకుండా. ఇక పొగాకు టెలోమియర్లు 1,50,000 క్షార జతల దాకా ఉండొచ్చు, అరబిడాప్సిస్‌వి 2,000 నుంచి 5,000 మాత్రమే. పొగాకు వేల ఏళ్లు బతుకుతోందా? వరిలో ఆర్‌టీబీపీ1 అనే టెలోమియర్ ప్రోటీన్‌ను తీసేస్తే టెలోమియర్లు బాగా పొడవయ్యాయి, అయినా క్రోమోజోములు అతుక్కున్నాయి, తరాలు గడిచేకొద్దీ మొక్కలు కుంగిపోయాయి. పొడవు ఉంది, కాపలా లేదు.

మరి చెట్ల దీర్ఘాయువు ఎక్కడిది? 4,800 ఏళ్లు దాటిన బ్రిస్టల్‌కోన్ పైన్ చెట్టులో కూడా కాండంలో అత్యధిక భాగం చచ్చిన కణాలే. కొత్త కొమ్మల్నీ ఆకుల్నీ పుట్టించే విభాజ్య కణజాలం బతికి ఉండటం వల్లే చెట్టు నిలుస్తుంది.

"ఆకులు తింటే మన టెలోమియర్లు పెరుగుతాయి"

తిన్న ప్రోటీన్ జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది చెక్కుచెదరకుండా మన కణకేంద్రకంలోకి వెళ్లి క్రోమోజోమ్ కొన పట్టుకునే దారే లేదు. పైగా మన కణాల్లో టెలోమరేజ్‌ను ఎడాపెడా రేపడం మంచిదన్న ఊహే ప్రమాదకరం: మనిషికి వచ్చే క్యాన్సర్లలో అత్యధికం ఆగకుండా విభజన చెందడానికి వాడుకునేది ఆ ఎంజైమ్‌నే.