స్టడీ కోసమే వచ్చానండీ

అమెరికా వెళ్ళి 'క్లినికల్ అండ్ పాపులేషన్ హెల్త్ రీసెర్చ్'లో మాస్టర్స్ చేస్తానని చెప్పినప్పుడు మా ఇంట్లో వాళ్ళకి అందులో అర్థమైన మాట 'పాపులేషన్' ఒక్కటే. "జనాభా లెక్కలు రాస్తావా?" అన్నాడు మావయ్య. "లెక్కలు కాదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు" అని పెద్దమ్మ సర్దిచెప్పింది. ఎంబీబీఎస్ చదివి, రెండేళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసినవాడు ఆ ఆపరేషన్ల కోసం సముద్రాలు దాటడం ఎందుకని ఆవిడ బాధ. ఒక మనిషికి బీపీ ఎందుకొచ్చిందో చూసేవాడు డాక్టరు, ఊరు మొత్తానికి ఎందుకొచ్చిందో చూసేది ఈ చదువు అని నాన్నకి విడమరిచి చెప్పాను. ఆయన అంతా విని, "మరి ఊరు మొత్తానికి ఫీజు ఎవరిస్తార్రా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

బోస్టన్‌కి పడమరగా 20 మైళ్ళ దూరంలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో మా బాబాయి ఉంటాడు. మకాం అక్కడే పెట్టాను. మా చదువు వాళ్ళకి ఆ ఊరు కాశీలాంటిది. 1948లో అక్కడ గుండెజబ్బుల మీద పరిశోధన మొదలుపెట్టి, ఆ ఊరివాళ్ళని 5,209 మందిని చేర్చుకుని, రెండేళ్ళకోసారి పిలిచి బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ల లెక్క అన్నీ రాసుకుంటూ వచ్చారు. బీపీ ఎక్కువైతే గుండెకి ముప్పు అని ఇవాళ మన ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా చెబుతున్నాడంటే అందులో ఆ ఊరి పుణ్యం చాలా ఉంది. 1971లో వాళ్ళ పిల్లల్ని, 2002లో మనవల్ని కూడా చేర్చుకున్నారు. తాత వేసిన కేసుకి మనవడు వాయిదాలకి తిరగడం మన పొలం తగాదాల్లో చూశాను గానీ, తాత ఇచ్చిన రక్తానికి మనవడు వాయిదాకి రావడం అక్కడే విన్నాను. ఇదంతా చెబితే బాబాయి ఆశ్చర్యపోయాడు. పదకొండేళ్ళుగా ఉంటున్న ఆయనకి తెలిసిన ఊరి విశేషం ఒక్కటే: పక్కూరు ఆష్లాండ్‌లో ఉన్న లక్ష్మీదేవి గుడి అక్కణ్ణుంచి దగ్గర.

మొదటిరోజు ఓరియంటేషన్. ఉదయం ఎనిమిదిన్నరకి, మూడో అంతస్తులో, మెట్ల పక్కన ఎడమవైపు గది అని మెయిల్ వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో 'అల్పాహారం ఉంటుంది' అని కూడా ఉంది. పిన్ని ఉప్మా చేసి పెట్టింది. ఫ్రీ టిఫిన్ ఉండగా ఇంటి ఉప్మాతో కడుపు నింపుకునేంత అమాయకుణ్ణి కానని ప్లేటు పక్కకి జరిపి రైలెక్కాను.

లిఫ్ట్ దగ్గర జనం ఉన్నారని మెట్లెక్కాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ మూడో అంతస్తు చేరాను. అది మన మూడో అంతస్తు. అమెరికావాళ్ళు నేల మీద ఉన్నదాన్నే ఒకటో అంతస్తు అంటారు, కాబట్టి వాళ్ళ లెక్కలో నేను నాలుగులో ఉన్నాను. ఆవకాయకి పనికొచ్చే మామిడికాయలు ఏ కొట్లో దొరుకుతాయో వచ్చిన రోజే చెప్పిన బాబాయి, ఈ ఒక్క ముక్కా చెప్పలేదు.

మెట్ల పక్కన ఎడమవైపు నిజంగానే ఒక గది ఉంది. తలుపు మీద 'క్లినికల్ రీసెర్చ్' అని బోర్డు కూడా ఉంది. ఇంకేం కావాలి? లోపలికి తొంగిచూశాను.

"మిస్టర్ రావ్?" అంది ఒకావిడ నవ్వుతూ.

"అవునండీ."

"స్టడీ కోసం వచ్చారా?"

"స్టడీ కోసమేనండీ, ఇండియా నుంచి వచ్చాను" అన్నాను.

నిజానికి మా ఇంటిపేరు రావు కాదు. పాస్‌పోర్టు చేయించిన ఏజెంటు నా పేరు చివరున్న రావుని తుంచి ఇంటిపేరు గడిలో పడేశాడు. ఆ రోజు నుంచీ విదేశీయులందరికీ నేను రావునే.

"పొద్దున ఏమైనా తిన్నారా?" అని అడిగింది. ఎంత మర్యాద! మన పద్ధతి ప్రకారం మొహమాటంగా నవ్వి, "ఇంకా ఏమీ తినలేదండీ" అన్నాను. మన దగ్గరైతే ఆ మాటకి ఇడ్లీ వస్తుంది. ఆవిడ మాత్రం "చాలా మంచిది!" అని సంబరపడి కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

"మధ్యలో మానేయరు కదా? రెండేళ్ళు రావాలి" అంది. పొలం తాకట్టు పెట్టి వచ్చినవాణ్ణి, మానే ప్రశ్నే లేదన్నాను. ఆవిడకి పొలం సంగతి అర్థం కాకపోయినా నా పట్టుదల నచ్చింది.

తర్వాత ఒక అంగీకార పత్రం ముందు పెట్టింది. పధ్నాలుగు పేజీలు. ప్రతి పేజీ ఓపిగ్గా వివరించింది. రక్తం తీస్తారట, సూది గుచ్చినచోట కాస్త కమలొచ్చట. యూనివర్సిటీలో చేరేముందే టీకాల కాగితాలన్నీ అడిగారు కాబట్టి ఇదీ అలాంటిదే అనుకున్నాను. వచ్చిన ప్రతిసారీ 25 డాలర్లు ఇస్తారని, ఎప్పుడైనా, ఏ పెనాల్టీ లేకుండా మానేయొచ్చని చెప్పింది. మానేస్తానంటే సర్టిఫికెట్లు పట్టుకుని మిగతా ఏళ్ళ ఫీజు కూడా కట్టమనే కాలేజీలు చూసిన ప్రాణం, కళ్ళు చెమర్చాయి. బల్ల కింద నుంచే 'కాలేజీవాళ్ళే ఎదురు డబ్బులిస్తున్నారు' అని నాన్నకి వాట్సాప్ పెట్టాను.

"సందేహాలేమైనా ఉన్నాయా?"

పదిహేడేళ్ళ చదువులో ఈ ప్రశ్నకి తల అడ్డంగా ఊపడం తప్ప మాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఊపాను.

"అయితే మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి."

"చాలా మంచి ప్రోగ్రాం. ప్రొఫెసర్లు అనుభవజ్ఞులు."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. లోపం తన వివరణలోనే ఉందనుకుందేమో పాపం, మళ్ళీ మొదటి పేజీ నుంచి చెప్పింది. ఈసారి జాగ్రత్తగా విని, రక్తం తీస్తారు, ప్రశ్నలడుగుతారు, ఎప్పుడైనా మానేయొచ్చు అని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. ఆవిడ తృప్తిపడింది. సంతకం పెట్టేశాను.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. ఆరోగ్య కేంద్రంలో ఉన్నప్పుడు ఏదో సర్వే కోసం ఒక ముసలమ్మకి కాగితం చూపించి, "ఏం లేదమ్మా, ఊరికే, వేలిముద్ర వెయ్యి" అన్నాను. "ఊరికే అయితే నా వేలెందుకు నాయనా?" అంది. క్లినికల్ రీసెర్చ్‌లో మాస్టర్స్ చెయ్యాల్సింది ఆవిడ.

బీపీ చూసేముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంది. కాలు మీద కాలు వెయ్యకూడదు, వీపు కుర్చీకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఈ నియమాలన్నీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. మా కేంద్రంలో మాత్రం బయట అరవైమంది లైన్లో ఉండగా, నిలబడ్డవాళ్ళకి నిలబడినట్టే పట్టీ చుట్టేవాళ్ళం. మూడుసార్లు చూసింది. మొదటిది 146. మెట్లు, టెన్షన్, ఆకలి, మూడూ కలిసి వచ్చాయి.

ఆ తర్వాత ఆహారం ప్రశ్నలు. అసలు కథ ఇక్కడుంది.

"గత నెలలో పికిల్స్ ఎన్నిసార్లు తిన్నారు?"

"రోజుకి రెండుసార్లు."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఒక్కోసారి ఎన్ని?"

పచ్చడిని ఎన్ని అని ఎలా చెప్తాం? వాళ్ళకి పికిల్ అంటే ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయ అని నాకప్పటికి తెలీదు. "ముద్దకి ఇంత" అని చిటికెన వేలి కొన చూపించాను. "ఓహో, బేబీ పికిల్స్" అని రాసుకుంది. అన్నం ఎన్ని కప్పులు తింటారంటే కాఫీ కప్పా, టీ కప్పా అని అడిగాను. సొరుగులోంచి ప్లాస్టిక్‌తో చేసిన అరకప్పు అన్నం నమూనా తీసి బల్ల మీద పెట్టింది. మా ఇంట్లో దిష్టి తీసే ముద్ద అంతకన్నా పెద్దదిగా ఉంటుంది. అలాంటివి పూటకి ఎన్నో లెక్కవేస్తుంటే ఆవిడ పెన్ను రెండుసార్లు ఆగింది. గోంగూర 'పుల్లటి పాలకూర' అయింది. పప్పు, సాంబారు, పప్పుచారు మూడూ 'లెంటిల్ సూప్' అనే ఒక్క గడిలోకి పోయాయి. పరిశోధనలో దీన్ని వర్గీకరణ దోషం అంటారని తర్వాత చదువుకున్నాను. పప్పుచారుకీ సాంబారుకీ తేడా లేదని ఒక తెలుగువాడి నోటితోనే చెప్పించడం మాత్రం దోషం కాదు, ఘోరం.

చివరికి చేతికి రబ్బరు పట్టీ కట్టి, దూదితో తుడిచి, సూది తీసింది. గుచ్చేముందు, "పుట్టిన తేదీ చెప్పండి" అంది.

"ఏది? సర్టిఫికెట్‌లో ఉన్నదా, అసలుదా?"

"మీకెన్ని ఉన్నాయి?"

"రెండేనండీ."

సూది కింద పెట్టేసింది. రెండూ చెప్పాను. జాబితాలో ఉన్నదానికి రెండూ సరిపోలేదు. ఆవిడ జాబితా చూసి, నన్ను చూసి, మళ్ళీ జాబితా చూసి, "మీరు బీపీ స్టడీ కోసం వచ్చిన రావ్ కాదా?" అంది. "నేను మాస్టర్స్ స్టడీ కోసం వచ్చిన రావునండీ" అన్నాను.

అప్పుడే తలుపు తోసుకుని ప్లాస్టిక్ ఫైలు పట్టుకున్న ఒక పెద్దాయన వచ్చారు. పార్కింగ్ దొరక్క ఆలస్యంగా వచ్చి, అరగంట నుంచి బయట కూర్చున్నారట. నా మొహం చూడగానే తెలుగులోకి దిగిపోయారు.

"బాబూ, నా సూది నువ్వు పొడిపించుకుంటున్నావా? రాత్రి ఎనిమిదింటి నుంచి మంచినీళ్ళ మీద ఉన్నానయ్యా, కాఫీ చుక్క కూడా లేదు!"

"క్షమించండి అంకుల్, పొరపాటైంది."

"ఏ ఊరు మీది?"

"రేపల్లె అండీ."

"అరె! మాది తెనాలే. మా ఆవిడది మీ లైన్లోనే, భట్టిప్రోలు. ఎవరబ్బాయివి?"

రబ్బరు పట్టీ ఇంకా నా చేతికే ఉంది. ఆవిడ మర్యాదగా నిలబడి చూస్తోంది. చుట్టరికం తేలకుండా మేము ఆపలేం కదా.

"నీకెంతొచ్చింది బీపీ?"

"146 అంకుల్."

"ఇందులో చేరాలంటే ఎక్కువ ఉండాలంటయ్యా. పొద్దున ఇంట్లో చూసుకుంటే నాకు 128. నీకే సరిపోయేట్టుంది, నువ్వే ఉండిపో. నేను కాఫీ తాగొస్తా."

ఆవిడ ఒప్పుకోలేదు. నా చేతి పట్టీ విప్పి, జరిగింది జరిగినట్టు రాసి ఎథిక్స్ కమిటీకి పంపాలంది. నా కాగితాల మీద 'స్క్రీన్ ఫెయిల్యూర్' అని రాసింది. పరిశోధనకి పనికిరాలేదని దాని అర్థం. 25 డాలర్లూ రాలేదు.

ఒక అంతస్తు దిగి అసలు గదికి వెళ్ళేసరికి టిఫిన్లు అయిపోయాయి. ఒకే ఒక్క బేగెల్ మిగిలింది, నిన్నటి గారెలా ఉంది. ప్రొఫెసర్ అలబామాలోని టస్కీగీ గురించి చెబుతున్నారు. 1932 నుంచి 1972 దాకా నలభయ్యేళ్ళు వందలమంది నల్లజాతి మగవాళ్ళని, వాళ్ళకున్న జబ్బు సిఫిలిస్ అని చెప్పకుండా, మందు ఇవ్వకుండా, ఊరికే చూస్తూ కూర్చున్నారట. అది బయటపడ్డాకే అంగీకార పత్రానికి ఇంత పట్టింపు వచ్చిందట. గదిలో ఎవరూ కదల్లేదు. 'ఊరికే' అన్న మాట దగ్గర నాకు ముసలమ్మ వేలు గుర్తొచ్చింది.

"ఇక్కడ చదవకుండా సంతకం పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు ప్రొఫెసర్. నేను బేగెల్ చిల్లులోంచి నేల చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం నాన్న ఫోన్. "డబ్బులిచ్చారా?"

"లేదు నాన్నా, ఫెయిలయ్యాను."

"మొదటిరోజేనా!"

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు అదే నాలుగో అంతస్తు వరండాలో ఆ బీపీ స్టడీ పోస్టరు కనిపించింది. పైన ఒక పటం ఉంది: ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందిని వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని గడులు గీసి చూపించారు. బీపీ తక్కువైనవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు, ఆ కింద చివరి గడిలో 'ఇతర కారణాలు: 1'.

ఫోటో తీసి నాన్నకి పంపి, ఆ 1 నేనే అని రాశాను. వెంటనే ఫోనొచ్చింది.

"ఒకటా! ఎంతమందిలోరా?"