బిట్లు పోతాయని వాల్యూమ్ లెవెలింగ్ ఆపేసేవాళ్లకి

నెల్లూరులో పాటల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూర్చుంటే ఈమధ్య ఇదే మాట. "అన్నా, పాటల యాప్‌లో అన్ని పాటల జోరూ ఒకే స్థాయికి తెచ్చే ఆ లెవెలింగ్ ఆపెయ్. బిట్లు పోతాయి. లాస్‌లెస్‌కి డబ్బులు కట్టి ఏం లాభం?" బిట్లంటే శబ్దాన్ని అంకెల్లో రాసుకునే గళ్లు, లాస్‌లెస్ అంటే వాటిలో ఏదీ పోకుండా ఇచ్చే పాట. ఈ మాట విని విని విసుగొచ్చింది. ఇందులో నిజం సగమే. ఆ సగాన్ని పట్టుకుని చక్కటి సదుపాయాన్ని వదులుకుంటున్నారు.

అసలు లెవెలింగ్ ఎందుకొచ్చిందో చూడండి. నెల్లూరు నుంచి ఒంగోలుకి కార్లో పోతున్నాం. బాలు గారి పాత మెలోడీ వస్తోంది, సరిగా వినపడాలని కాస్త పెంచుతాం. అదైపోగానే మొన్నొచ్చిన మాస్ పాట అందుకుంటుంది. వెనక సీట్లో పెద్దావిడ "తగ్గించు నాయనా, గుండె అదురుతోంది" అంటుంది. కావలి చేరేలోపు చెయ్యి వాల్యూమ్ మీదే ఉంటుంది. ఈ గొడవ లేకుండా యాప్ ప్రతి పాట లౌడ్‌నెస్‌ని ముందే కొలిచి పెట్టుకుంటుంది. ఆ కొలత పేరు ఎల్‌యూఎఫ్‌ఎస్, అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ జోరు ఎక్కువ. స్పాటిఫై మామూలు సెట్టింగులో మైనస్ 14కి, యాపిల్ మ్యూజిక్ మైనస్ 16కి తెస్తాయి. మాస్ పాట మైనస్ 7 దగ్గర ఉంటే స్పాటిఫై 7 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అంతే. పాట మొత్తాన్ని ఒకే అంకెతో గుణిస్తుంది. పల్లవిలో నెమ్మది, చరణంలో జోరు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి.

ఇక బిట్ల సంగతి. డిజిటల్‌లో 6 డెసిబెల్స్ తగ్గిస్తే ఒక బిట్టు కిందికి జారుతుంది. ఇది నిజమే. కానీ జారి ఎక్కడికి పోతుంది? సీడీ స్థాయి పాట 16 బిట్లు. ఆ అంకెల్ని శబ్దంగా మార్చే చిప్‌ని డాక్ అంటారు, ఇప్పుడొచ్చే డాక్‌లు దాదాపు అన్నీ 24 బిట్లు తీసుకుంటాయి. అంటే కింద 8 బిట్లు ఖాళీ. 48 డెసిబెల్స్ తగ్గించినా పాటలో చివరి బిట్టు ఆ ఖాళీలోనే ఉంటుంది, బయటికి పోదు. లెవెలింగ్ తగ్గించేది ఏడో ఎనిమిదో! పాటే 24 బిట్లదైతే కిందనుంచి ఒకటో ఒకటిన్నరో పోయే మాట వాస్తవం. కానీ ఎంత ఖరీదైన డాక్ అయినా దాని సొంత నాయిస్ వల్ల అసలు పనికొచ్చేవి 21 బిట్ల లోపే. పోయింది ఎటూ వినపడని భాగం.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. లెవెలింగ్ ఆపమని చెప్పేవాళ్లే ఫోన్‌లో వాల్యూమ్ సగానికి దించి వింటారు. చాలా ఫోన్లలో అది కూడా డిజిటల్ గుణకారమే, పైగా లెవెలింగ్ కంటే చాలా ఎక్కువ తగ్గింపు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

పోనీ 16 బిట్ల దారిలోనే వింటున్నారనుకుందాం. 7 డెసిబెల్స్ పోతే మిగిలేది 15 బిట్ల కంటే కాస్త తక్కువ, అంటే అతి పెద్ద చప్పుడుకీ అతి చిన్న చప్పుడుకీ మధ్య 89 డెసిబెల్స్ తేడా. బాలు గారు 1966లో సినిమాకి పాడటం మొదలుపెట్టారు. ఆ కాలపు టేపులో పాటకీ, వెనక వినిపించే బుసకీ (హిస్) మధ్య 70 డెసిబెల్స్ తేడా ఉంటే గొప్ప, అంటే 12 బిట్లు. మీరు పోతున్నాయని బాధపడే బిట్లలో ఉన్నది టేపు హిస్సే. పైగా మే నెలలో నెల్లూరులో ఫ్యాను లేకుండా ఎవరు పాట వింటారు? ఫ్యాను తిరిగే గదిలో చప్పుడు 40 డెసిబెల్స్ పైమాటే. ఆ చివరి బిట్లు దానికి ఇంకా 30 డెసిబెల్స్ కింద ఎక్కడో ఉంటాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం నేనూ చెప్తాను. పాత 16 బిట్ల డాంగిల్ (బయట తగిలించే చిన్న డాక్) వాడుతూ, సాఫ్ట్‌వేర్ డిథర్ (కోత గరుకు తెలియకుండా చేసే సన్నటి నాయిస్) కలపకుండా బిట్లను కోసేస్తుంటే, పాట చివర మెల్లగా తగ్గిపోయే చోట హెడ్‌ఫోన్లో కొంచెం గరుకు తెలియొచ్చు. 24 బిట్లు తీసుకునే డాక్ వాడండి, కంప్యూటర్లో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి అవుట్‌పుట్ 24 బిట్‌కి మార్చుకోండి, చాలు.

నిజంగా పాట పాడయ్యేది వేరే దగ్గర. స్పాటిఫైలో 'లౌడ్' అని ఒక సెట్టింగ్ ఉంది. మైనస్ 11కి లాగుతుంది, అందుకోసం శిఖరాల్ని నొక్కిపెట్టే లిమిటర్ పెడుతుంది. అక్కడ నెమ్మదైన పాటల్లో మృదంగం దెబ్బ నిజంగానే నలుగుతుంది. 'నార్మల్' లో ఆ లిమిటర్ లేదు. అంతకంటే పెద్ద అన్యాయం, రీమాస్టర్ పేరుతో పాత పాటల్ని పిండి, శిఖరాలన్నీ చదును చేసి, నున్నటి గోడలా తయారుచేసి వదలడం. పోయిన ఆ ఎత్తుపల్లాలు ఏ డాక్ పెట్టినా తిరిగి రావు. అలా అంచుదాకా నింపిన పాట డాక్‌లో అనలాగ్‌గా మారేటప్పుడు శాంపిల్స్ మధ్య శిఖరాలు హద్దు దాటి చిట్లుతాయి. లెవెలింగ్ తగ్గించడంతో వాటికి చోటు దొరుకుతుంది. అంటే బిట్లు తినేస్తుందని మీరు తిట్టే లెవెలింగే అక్కడ పాటని కాపాడుతోంది.

మన ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్లు ఇప్పుడు ఇళ్లలోనే మిక్సింగ్ చేస్తున్నారు, బాగా చేస్తున్నారు కూడా. తమ్ముళ్లూ, పాటని మైనస్ 7కి తోసినా యాప్ దాన్ని మళ్లీ మైనస్ 14కే దించుతుంది. లౌడ్‌నెస్ రాదు, డోలు దెబ్బ మాత్రం పోతుంది. అప్‌లోడ్ చేసేముందు తోసింది, తోయనిది రెండూ ఒకే లెవెల్‌లో పెట్టుకుని ఒకసారి వినండి.