‘ఫైవ్ నైన్’ తర్వాత వచ్చేదే అసలు సమాచారం

హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే రేడియో) మిత్రుల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది: “కాంటెస్టుల్లో అందరూ అందరికీ ‘ఫైవ్ నైన్’ అని అబద్ధం చెప్పుకుంటారు. మిగిలింది కంప్యూటరే నింపేస్తుంది. తప్పు రాసుకున్నా అడిగేవారు లేరు. ఆపదలో అక్కరకు రాని ఆట అది.” కొత్తగా లైసెన్సు తీసుకున్నవారు దీన్ని నమ్మితే కాంటెస్టుల (నిర్ణీత సమయంలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడే పోటీల) జోలికే వెళ్లరు. అందుకే ఈ జవాబు.

మొదటి మాటలో నిజం ఉంది. ‘ఫైవ్ నైన్’ (59) అంటే మీ సిగ్నల్ స్పష్టంగా, బలంగా వినిపిస్తోందని. సిగ్నల్ గుసగుసలా వినిపించినా 59 అనే చెబుతారు. అది పలకరింపు. పట్టుకోవలసింది దాని వెనక వచ్చే అంకెను.

ఆ అంకె కంప్యూటర్‌కు ముందే తెలుసంటారా? అక్టోబరు చివర జరిగే సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో ప్రపంచాన్ని జోన్లుగా విడగొట్టి, ఎవరి జోన్ సంఖ్య వారు పంపుతారు. మన తెలుగు రాష్ట్రాల నుంచి పంపేది 22. జులైలో ఐఏఆర్‌యూ (అంతర్జాతీయ హ్యామ్ సంఘాల సమాఖ్య) పోటీకి అదే గది నుంచి, అదే యాంటెనా మీద 41 పంపాలి. ఆ జోన్ల పటం వేరు. కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషన్ గుర్తింపు పేరు) చూసి సాఫ్ట్‌వేర్ చేసేది ఊహ మాత్రమే. అమెరికాలో 6 అంకె ఉన్న కాల్‌సైన్ కనిపించగానే కాలిఫోర్నియా అనుకుని 3వ జోన్ వేస్తుంది. ఆ మనిషి అదే కాల్‌సైన్‌తో న్యూయార్క్‌కు మారి ఉంటే వినిపించేది 5. ఇక డబ్ల్యూపీఎక్స్ అనే పోటీలో పంపేది వరుస సంఖ్య. అవతలి స్టేషన్‌కు ఇది 417వ కాంటాక్టో 418వదో చెవులు పెట్టి వినాల్సిందే.

తప్పు రాస్తే అడుగుతారు కూడా. నిర్వాహకులు తమకు అందిన లాగ్‌లను (కాంటాక్టులు రాసుకున్న పట్టీలను) ఒకదానితో ఒకటి సరిచూస్తారు. అంకె తప్పితే ఆ కాంటాక్టు పోతుంది. సీక్యూ వరల్డ్ వైడ్‌లో కాల్‌సైన్ తప్పితే, కాంటాక్టు పోవడమే కాదు, పైన పాయింట్ల కోత కూడా.

నన్ను బాధించింది చివరి మాట. అమెరికాలో 1930లో మొదలైన స్వీప్‌స్టేక్స్ అనే హ్యామ్ పోటీని చూడండి. “123, ఏ,” తర్వాత కాల్‌సైన్, “76, కనెక్టికట్” అని వినిపిస్తుంది. అంటే ఆ స్టేషన్‌కు అది 123వ కాంటాక్టు, పవర్ 100 వాట్లు దాటదు, మొదటి లైసెన్సు 1976లో వచ్చింది, ఉన్నది కనెక్టికట్‌లో. ఈ వరుస రేడియోగ్రామ్ తలకట్టు నుంచి వచ్చింది. హ్యాములు చేరవేసే సందేశం పైన సంఖ్య, ప్రాధాన్యం, బయలుదేరిన స్టేషన్, మాటల లెక్క, ఊరు ఇదే క్రమంలో ఉంటాయి. ఆ మాటల లెక్కను ‘చెక్’ అంటారు. పోటీలో ఆ చోటికి లైసెన్సు సంవత్సరం వచ్చింది, పేరు మాత్రం ‘చెక్’ గానే ఉండిపోయింది. ఆపదలో సందేశం అందుకునేటప్పుడు రాసుకోవలసిన క్రమాన్నే పోటీలో వందలసార్లు, గోల మధ్య విని రాసుకుంటున్నారు. ఒక ముక్క జారిపోతే ఊహించి నింపరు, “చెక్ మళ్లీ చెప్పండి” అని ఆ ముక్కనే అడుగుతారు.