అరువు చీరలతో బ్రాండట!

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. మొదట మా పిన్ని పంపింది, తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చింది, నిన్న మా ఆడపడుచు "వదినా, నీకు పనికొస్తుంది చూడు" అంది. కుర్తీలు కుట్టించి అమ్ముకునేదాన్ని కాబట్టి అందరికీ నేనే గుర్తొస్తున్నాను. "కోనసీమ ఉప్పాడ చేనేతతో పైసా పెట్టుబడి లేకుండా పర్యావరణహిత ఫ్యాషన్ బ్రాండ్" అని మకుటం. కింద ఐదు సూత్రాలు.

ఉప్పాడ కోనసీమలో లేదండీ. పిఠాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉంది. కోనసీమ మగ్గం చూడాలంటే అమలాపురం పక్కన బండారులంక వెళ్ళండి.

"చేనేత కాబట్టి నూటికి నూరుపాళ్ళు సహజం." మగ్గానికి కరెంటు అక్కర్లేదు, అంతవరకు సరే. మన డెల్టాలో పండేది వరి, కొబ్బరి. నూలు మిల్లులో వడికి ఎక్కడినుంచో లారీలో వస్తుంది. రంగులు ఎక్కువగా రసాయనాలవే. చిలపలు (నూలు కట్టలు) ముంచిన నీళ్ళు ఎటు పోతాయో అద్దకం ఇంటి వెనక్కి వెళ్ళి చూడండి. కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందుతో అద్దేవాళ్ళూ ఉన్నారు, ఆ ధర వేరు.

"జీఐ ట్యాగ్ బొమ్మ వేసుకోండి, రేటు డబుల్." జీఐ అంటే ఫలానా ఊరి సరుకేనని ప్రభుత్వమిచ్చే గుర్తింపు. ఉప్పాడ జామ్‌దానీ చీరకి అది 2009లో వచ్చిన మాట నిజమే. దాన్ని వాడుకునే హక్కు రిజిస్టరు చేయించుకున్నవాళ్ళది. దొంగతనంగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. వేసుకోండి, వేసుకోండి.

"ఆర్డర్లు పెరిగితే నేత స్పీడు పెంచమనండి." మగ్గం జెరాక్స్ మిషను కాదు.

ఇక నా ఒళ్ళు మండించింది ఇది: "చీరలు నేతగాడి దగ్గరే అరువు తెచ్చుకోండి, అమ్ముడయ్యాక డబ్బివ్వండి, పెట్టుబడి సున్నా."

చాలా ఇళ్ళలో మగ్గం మీదున్న చీర నేసేవాడిది కాదు. పడుగు, పేక (నిలువు, అడ్డం దారాలు), జరీ అన్నీ నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవరువో సొసైటీవో. ఇతను నేసిచ్చి మజూరీ తీసుకుంటాడు. ఆ చీర మీ చేతిలో పెడితే అతన్ని దొంగంటారు. సొంత నూలుతో నేసుకునేవాడైతే ఆ నూలు డబ్బు మీద వడ్డీ నడుస్తూ ఉంటుంది. జామ్‌దానీకి ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక్కో పువ్వుకీ విడిగా దారం చేత్తో చొప్పిస్తూ నేయాలి; పనిని బట్టి చీరకి వారాలు, ఒక్కోసారి నెలలు. కండెలకి దారం చుట్టే ఇల్లాలి కూలి ఎవరి లెక్కలోకీ రాదు. వానాకాలం కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో నీళ్ళు ఊరితే ఆ రోజులన్నీ పస్తే. అలాంటి మనిషి తమరికి అరువివ్వాలి! తమరు ఫొటో తీసి, "నేతన్నకు అండగా" అని రాసి, అమ్మితే సొమ్మిచ్చి, అమ్మకపోతే మడతలు నలిగిన చీర అతని మొహాన కొడతారు. పెట్టుబడి ఎందుకు లేదు బాబూ? ఉంది, అతనిది. మీది ఫోను.

ఇంత నీతి చెప్పే నేను మొదటి ఏడాది చేసిందీ ఇదే. బండారులంకలో ఒకాయన దగ్గర తానులు అరువు తెచ్చాను, దసరా దాటినా సగం మిగిలిపోయాయి. సంక్రాంతి ముందు ఆయన మా ఇంటికొచ్చాడు. డబ్బు మాట ఎత్తలేదు. మంచినీళ్ళు తాగి, పిల్లల చదువులడిగి వెళ్ళిపోయాడు. మర్నాడు గాజులు తాకట్టు పెట్టి ఇచ్చొచ్చాను. అప్పట్నుంచి సగం సొమ్ము ముందే.

చివరి సూత్రం: "కుట్టించొద్దు, చీరగానే అమ్మండి, కత్తెర పడితే గుడ్డ దండగ." రాసిందెవరో గానీ ఇక్కడ మాత్రం నన్ను పట్టేశారు. చీరకి కత్తిరింపు లేదు, తల్లి కట్టిందే కూతురూ కడుతుంది. నా కుర్తీల మెడల దగ్గర, చంకల దగ్గర పోయిన ముక్కలన్నీ మా టైలరు శనివారం శనివారం బస్తాకెత్తి వసారాలో పడేసి పోతాడు. దిండ్లలో కుక్కాను, బొంతలు కుట్టించాను. ఇప్పటికింకా మూడు బస్తాలున్నాయి.